చెప్తే చెడిపోయే ఓటు

మొన్న సాయంత్రం టీవీలో ఎన్నికల సర్వే చూపిస్తున్నారు. రంగురంగుల గీతలు, ఎవరికెన్ని సీట్లు, ఎవరి కొంప మునుగుతుంది, అంతా అయ్యాక అడుగున ఒక బూడిదరంగు ముక్క. దాని మీద ‘చెప్పలేం’ అని రాసి ఉంది. కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి ఒకాయన నవ్వి, “వీళ్ళలో సగం మంది అసలు ఓటుకే రారండీ, వదిలేయండి” అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. రిమోటు దొరికేలోపు ఆయన ఇంకోసారి నవ్వాడు కూడా. టీవీ కట్టేశాను. మా ఆవిడ వంటింట్లోంచి “ఎవరి మీద కోపం?” అంది. ఎవరి మీదని చెప్పను?

ఆ బూడిదరంగు ముక్కలో ఎవరుంటారో నాకు తెలుసు. వాళ్ళలో ఒకామె గద్వాలలో ఉండేది. ఎప్పుడు పోయిందో తెలియదు. పోయినప్పుడు పక్కన ఎవరున్నారో అంతకన్నా తెలియదు. ఎవరూ లేరేమోనన్న అనుమానం మాత్రం ఉంది.

డిగ్రీ చేతికొచ్చి, పని చేతికి రాని రోజులవి. హైదరాబాదులో ఒక సర్వే ఆఫీసువాళ్ళు మా పాలమూరు వైపు తిరగడానికి మనుషులు కావాలంటే చేరిపోయాను. నాది తిమ్మాజిపేట. ఆఫీసులో సారు మాకు ఒక పూట పాఠం చెప్పాడు. “ఎవరికి వేస్తారని అడుగు. తెలియదంటే ఇంకోసారి అడుగు. రెండోసారి కూడా తెలియదంటే వాడు ఓటుకు వచ్చే మనిషి కాదు. టిక్కు పెట్టి పక్కింటికి పో.” సారు షాద్‌నగర్ దాటి ఇవతలికి వచ్చినవాడు కాదు. నేను ఉండబట్టలేక, “సార్, మా దగ్గర తెల్వదు అంటే తెలియదని కాదు. పటేలు అడిగినా తెల్వదంటరు, పోలీసు అడిగినా తెల్వదంటరు. తెలుసుగానీ నీకు చెప్పను అని దానర్థం” అన్నాను. “అది రాసుకోవడానికి గడి లేదు కదయ్యా” అన్నాడాయన. నిజమే, లేదు.

చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. మా పనిలో అడిగేవాడే అందరికీ లోకువ. లింగాలలో పట్టపగలు పోతే సగం ఇళ్ళకు తాళాలు. కొందరు చేలకు పోయారు, కొందరు సంసారాలు కట్టుకుని బొంబాయి దిక్కు కూలికి పోయారు. అరుగు మీద ముసలాయన ఒకడు, “ఓట్లనాటికి లారీలెక్కి దిగుతరు. గప్పుడొచ్చి అడుగు” అన్నాడు. గప్పుడొచ్చి అడిగితే అది సర్వే ఎట్లా అవుతుంది? వనపర్తిలో ఒక ఇల్లాలు తలుపు చాటు నుంచి, “మా ఇంటాయన వచ్చినంక రా” అంది. “మీ ఓటు సంగతమ్మా” అంటే, “గదే, ఆయన వచ్చినంక రా” అంది. నాగర్‌కర్నూలులో ఒకాయన నన్ను కూర్చోబెట్టి టీ తాగించి, చెవిలో నోరు పెట్టి, “ముందుగాల నువ్వు ఎవ్వల మనిషివో చెప్పు” అన్నాడు. ఇట్లాంటి వాళ్ళందరినీ తీసేసి మిగిలిన వాళ్ళతో సారు ప్రభుత్వాలను నిలబెట్టేవాడు, పడగొట్టేవాడు.

అట్లా తిరుగుతూ గద్వాలలో మగ్గాల వీధికి వచ్చాను. ఆ వీధి చివర ఒంటి గది ఇల్లు. గుమ్మంలో రాట్నం. రాట్నం ముందు ఆమె.

కండెలు చుట్టేది. అంటే నేత దారాన్ని చిన్న పుల్లల మీదికి ఎక్కించడం. మగ్గం మీద అటూ ఇటూ ఉరికే నాడెలో ఆ కండె కూర్చుంటే తప్ప చీర ముందుకు సాగదు. ఒక కంట్లో పువ్వేసింది. రెండో కంటితో దారాన్ని చూసేది, మనిషిని చూడాలంటే మెడ తిప్పేది. మాట్లాడుతున్నంతసేపూ రాట్నం తిరుగుతూనే ఉండేది. ఆగిందంటే మాట గట్టిదన్నమాట. నేను తిరిగిన ఆ నాలుగు తాలూకాల్లో నా బాగోగుల మీద ఎదురు ప్రశ్నలు వేసింది ఆమె ఒక్కతే.

“అవ్వా, మీ ఇంట్ల ఓట్లెన్ని?”

“ఇల్లు కానొస్తలేదా? గిండ్ల ఎందరు పడ్తరో నువ్వే చెప్పు.”

“ఒక్కదానివేనా?”

“నేను, నా రాట్నం. దానికి ఓటియ్యలే సర్కారు.”

“ఈపారి ఎవ్వలకేస్తవు?”

రాట్నం ఆగింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“తెల్వదు.”

“జర ఆలోచన జేసి చెప్పవ్వా.”

“తెల్వదు బిడ్డా.”

“ఓటుకన్న పోతవా?”

“గదీ తెల్వదు. నీకు పెండ్లయిందా? కాలేదా? మొఖం సూస్తేనే అనుకున్న. పొద్దుగాల ఏం దిన్నవు?”

రాట్నం మళ్ళీ తిరగసాగింది. నేను సారు చెప్పిన గడిలో టిక్కు పెట్టాను. ఓటుకు రాని మనిషి. లేవబోతే, “గప్పుడే అయిపాయెనా? ఇంగేం అడగవా?” అంది. ఆ గొంతులో ఏదో ఉంది, కూర్చుండిపోయాను. రోడ్లు ఎట్లున్నయి, నల్లా వస్తుందా, కరెంటు ఉంటుందా, కాగితం మీద ఉన్నవీ లేనివీ అడిగాను. అన్నిటికీ తీరిగ్గా, కథలు కథలుగా చెప్పింది. చివరికి, “పొద్దంత నన్ను ఎవ్వలు ఏమడగరు బిడ్డా. నువ్వన్న అడిగినవు” అంది. గద్వాలలో ఉన్నన్నాళ్ళూ సాయంత్రం పని ముగిశాక ఆ గుమ్మం దగ్గర కాసేపు ఆగడం నాకు అలవాటైపోయింది.

ఆ వీధిలో ఒక మగ్గమా? చుట్టుపక్కల అంతా టకటకలే. అందులోంచి ఆమె ఒక్క చప్పుడును ఏరుకునేది. “అగో, గది నా కొడుకు మగ్గం” అనేది. కొడుకు ఇల్లు రెండు వీధుల అవతల. అంత దూరం నుంచి ఎట్లా వినిపిస్తుంది, ముసలామె గొప్పలు చెబుతోంది అనుకున్నాను. ఒకనాడు మాటల మధ్యలో ఉన్నట్టుండి రాట్నం ఆపేసింది. నాకేమీ తేడా తెలియలేదు. కాసేపటికి, “నీళ్ళు తాగనీకె లేషినట్టున్నడు. మల్ల కూసున్నడు” అని చుట్టడం మొదలుపెట్టింది. నిజమో, భ్రమో, నేను పరీక్ష పెట్టలేదు. “మరి కొడుకు వస్తడా అవ్వా?” అంటే మాత్రం నా పెళ్ళి మాట ఎత్తుకునేది.

ఓట్లరోజు నన్ను బడి బయట నిలబడి, వేసి వచ్చేవాళ్ళను అడగమన్నారు. గేటు తియ్యకముందే ఆడవాళ్ళ వరసలో అందరికన్నా ముందు ఆమె ఉంది. తలకు పోసుకుని, ఎర్రంచు గద్వాల చీర కట్టుకుని, బొట్టుంటే పెళ్ళిపేరంటానికి వచ్చిందనుకునేట్టు. ఓటుకు రాని మనిషి! నాకు నవ్వూ వచ్చింది, సంతోషమూ వేసింది. బయటికి రాగానే ఎదురుపోయి, “ఎవ్వలకేసినవు అవ్వా?” అన్నాను. నా నోటి మీద వేళ్ళతో మెల్లగా కొట్టింది.

“నోరు ముయ్యి. ఒక్కపొద్దున్న. ఇంటికి పొయ్యి దీపం వెట్టెదాంక మాట్లాడియ్యకు.”

ఓటుకు ఒక్కపొద్దుండే మనిషిని అప్పుడే చూడటం. వెంట ఇంటిదాకా నడిచాను. దీపం పెట్టి, ఇంత బువ్వ తిని, నాకింత పెట్టి, అప్పుడు నోరు విప్పింది.

“నా మొదటి ఓటప్పుడు మా అత్త, మా మామ, మా ఇంటాయన, అందరు జెప్పిండ్రు, గీ గుర్తుకే గుద్దుమని. సరే అని అట్ట సాటుకు పోయిన. పుట్టినకాంచి నన్ను ఎవ్వలు సూడని జాగ గదే బిడ్డా. గాడ నిలవడంగనే ఏడుపొచ్చింది. ఇంట్ల పిల్లగానికి జరం. దవాఖానకు తోల్కపోతనంటె మా అత్త పోనియ్యకపాయె. ఇగ గాడనే దేవునికి మొక్కి, గుద్ది, కండ్లకద్దుకోని ఏసిన. మాపటికి జరం ఇడిసింది.”

“ఓటుతోనా?”

“మొక్కుతోని. గప్పటికెల్లి ఓటుకు పోయినప్పుడల్ల ఒక మొక్కు ఉంటది. మొక్కు తీరకముందు బయటవెడితె చెడిపోతది గద? ఓటు జెప్పుడంటె మొక్కు జెప్పుడే. గందుకే తెల్వదంట.”

అదీ సంగతి. ఓటు రహస్యమని సర్కారు గోడల మీద రాయించింది. ఆ మాటను ఇంత నిష్ఠగా పట్టుకున్న మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. దానికి ఆమె ఎంత నష్టపోయిందో కూడా ఆరోజే తెలిసింది.

అంతకు కొన్నేళ్ళ ముందు మునిసిపాలిటీ ఓట్లలో ఆమె కొడుకు వార్డుకు నిలబడ్డాడు. ఎదురు నిలబడ్డది దారమిచ్చే సావుకారి. వీధిలో సగం మగ్గాలు ఆ సావుకారివే, ఈమె చుట్టే కండెల్లో కొన్ని ఆయన దారమే. ఓట్లకు ముందురోజు కొడుకు వచ్చి, సరదాగానే, “అమ్మా, నీ ఓటు నాకేనా?” అన్నాడట. తల్లి తెల్వదంది. నవ్వులాటనుకుని మళ్ళీ అడిగాడు. మళ్ళీ తెల్వదంది. చాలా కొద్దిలో ఓడిపోయాడు. ఇక వీధి ఊరుకుంటుందా? “ఇంట గెల్వనోడు వాడల గెలుస్తడా” అని మొఖం మీదే అన్నారు. తల్లి సావుకారికి వేసిందని ఎవరో అన్నారు, అందరూ నమ్మారు, కొడుకూ నమ్మాడు.

అప్పటిదాకా కొడుకు మగ్గానికి కండెలు చుట్టేది తల్లే. మనిషి మీద కోపం వస్తే ఎవరైనా మాటలు ఆపుతారు. ఈయన దారం కూడా ఆపేశాడు. తల్లికి పంపే దారాన్ని పక్క వీధిలో ఇంకెవరికో పంపించడం మొదలుపెట్టాడు. ఆమెకు ఆ దెబ్బే పెద్దది. “నేను సుట్టని కండె వాని నాడెల ఉరుకుతుంటె, గా సప్పుడు వేరేగుంటది బిడ్డా” అంది.

“ఓడిపోయినంకనన్న చెప్పకపోయినవా అవ్వా? ఎవ్వలకేసింది చెప్తె అయిపోతుండె.”

“మొక్కు ఇంగ ఉన్నది. గది ఒడిసేది గాదు” అంది, అయిపోయే మొక్కు కాదన్నట్టు. ఏం మొక్కిందో నేను అడగలేదు. అడిగినా ఏమంటుందో నాకు తెలుసు.

ఆ తర్వాత రెండు మూడేళ్ళకే మళ్ళీ ఓట్లు వచ్చాయి. సర్కారు పడిపోతే దేశానికి కష్టమంటారు, నాకు మాత్రం పని దొరికింది. గద్వాల బస్టాండులో దిగి నేరుగా ఆ గుమ్మానికే పోయాను. సగమైపోయింది మనిషి. నన్ను గుర్తుపట్టింది, పెళ్ళయిందా అని అడిగింది, కానీ నా జవాబు వినలేదు. ఆ వారమే మనవడికి పుట్టెంట్రుకలు తీయించారట. డప్పులు కొట్టుకుంటూ పిల్లవాణ్ణి ఎత్తుకుని ఆమె గుమ్మం ముందు నుంచే అమ్మవారి గుడికి పోయారు. వీధివీధంతా పిలుపు. ఆమెను పిలవలేదు.

“నేను రాట్నం సాటుకు తల వంచుకున్న. పిల్లగాని మొఖం సూడలే. సూస్తె ఏడుస్త, పండుగపూట ఏడిస్తె పిల్లగానికి మంచిది గాదు” అంది.

నాకు ఆ కొడుకు మీద పట్టరాని కోపం వచ్చింది. ఆమె లేచి లోపలికి పోయి, గద్వాల చీర కట్టుకుని వచ్చింది.

“నాతోని వస్తవా?”

“యాడికి?”

“కొడుకింటికి. నువ్వు ఓట్లడిగేటోనివి. నీ ముంగట జెప్తె నమ్ముతడు.”

చూడండి ఆ అమాయకత్వం. ఓట్లు అడిగేవాడంటే ఓట్లకు సాక్షి అనుకుంది. నా చేతిలో అట్ట, జేబులో పెన్ను చూసి, నేను విన్నమాట సర్కారు విన్నట్టేననుకుంది. నేను ఎవరినీ కాదని చెప్పడానికి నోరు రాలేదు. ఆ రెండు వీధులూ ఆగి ఆగి నడిచింది.

కొడుకు మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని నేస్తున్నాడు. తల్లి గడపలో నిలబడగానే చేతులు ఆగాయి, మళ్ళీ ఆడాయి. లోపలి గది తలుపులో కోడలు, చంకలో గుండు చేయించిన పిల్లవాడు.

“ఈయన ఓట్లడిగే సారు” అంది ఆమె నన్ను చూపించి. ఆయన తల ఎత్తలేదు.

“బిడ్డా, గప్పుడు నేను నీకే ఏసిన. నీ గుర్తు మీదనే గుద్దిన.”

మగ్గం ఆగిపోయింది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అది నేను చూశాను. ఇంక దిగి వస్తాడనుకున్నాను.

“ఇప్పుడెందుకు చెప్తున్నవు?” అన్నాడు.

“గప్పుడు అడిగితివి గద.”

“అడిగిన. తెల్వదంటివి. ఇప్పుడు నీకే ఏసిన అంటున్నవు. ఓడినంక ఈ వీధిల ఎవ్వల గడపకు పోయినా గదే అన్నరు. నీకే ఏసినమన్నా, నీకే ఏసినమన్నా అని చేతులు వట్టుకున్నరు. అందరి మాటలు కూడితె నేనే గెల్వాలె.” నా వైపు చూసి నవ్వాడు. ఆ నవ్వు చూడలేకపోయాను. “రాస్కోండి సారూ, మా అమ్మది గూడ గండ్లనే కలుపుండ్రి.”

“దేవుని మీద ఒట్టు బిడ్డా.”

“వాళ్ళు గూడ ఒట్లే వెట్టుకున్నరమ్మా.”

మళ్ళీ మగ్గం ఆడింది. ఆమె కోడలి వైపు తిరిగి, “పిల్లగాన్ని జర ఇట్ల సూపియ్యి” అంది. కోడలు భర్త వైపు చూసింది. ఆయన చేతులు ఆపలేదు. కోడలు అక్కడే నిలబడిపోయింది. పిల్లవాడు మాత్రం ఈ కొత్త ముసలమ్మను చూసి నవ్వాడు.

తిరిగి వస్తుంటే దోవలో, నేను అడగకుండానే చెప్పింది. “గా దినం వాడు గెల్వాలని మొక్కలే. సల్లగ బతకాలని మొక్కిన. గెలుపుదేముంది, ఒక్కనాటిది. సల్లగుండుడు వాడు ఉన్నన్నొద్దులు ఉండాలె. గందుకే ఇన్నేండ్లు నోరు ఇప్పలే. ఇయ్యాల చెప్పేస్తి. వాడు నమ్మకపాయె, నా మొక్కు పాయె.”

“ఏం గాదు అవ్వా. చెప్పినంత మాత్రాన ఏం గాదు” అన్నాను. నా మాట నాకే తేలిపోయినట్టనిపించింది. దేనికోసమైతే ఊరంతా ఏమనుకున్నా పడిందో, దాన్ని తన చేతులారా పారబోసుకుని వస్తోంది ఆమె. ఆమె వేసింది కొడుక్కేనని నేను నమ్ముతున్నాను. నేను నమ్మి ఏం లాభం?

గుమ్మం దగ్గర కూర్చుని, “నువ్వు వచ్చిన పని కానియ్యి. అడుగు” అంది. వద్దన్నాను. “అడుగు బిడ్డా, పని చెడగొట్టుకోకు” అని కోప్పడింది. ఎవరికి వేస్తావని అడిగాను. గుర్తు పేరు టక్కున చెప్పేసింది. ఓటుకు పోతావా అంటే పోతనంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకోలేదు. సారు ఆశపడే జవాబులు, ఒక్క గడి ఖాళీ లేకుండా.

ఓట్లరోజు బడి దగ్గర పొద్దున్నుంచీ ఆడవాళ్ళ వరసనే చూస్తూ నిలబడ్డాను. మధ్యాహ్నం దాటింది. రాలేదు. నా పని ఇంకొకరికి అప్పగించి పోయాను. గుమ్మంలోనే ఉంది, పాత నీలం చీరలో, రాట్నం తిప్పుతూ.

“అవ్వా, ఇంక టైమున్నది. రిక్షా తెస్త, పోదం పా.”

“పొయ్యి ఏం మొక్కాలె బిడ్డా? కన్నకొడుకే నమ్మలే. ఇగ దేవుడు నమ్ముతడా?”

పక్కన కూర్చున్నాను. వేళ్ళకు సిరా గుర్తులతో ఆడవాళ్ళు గుంపులు గుంపులుగా పోతున్నారు. ఒకామె ఆగి, “అవ్వా, నువ్వు రాలేదేంది ఈపారి?” అంది. “వస్త వస్త, నువ్వు పో” అంది ఈమె, చెయ్యి ఊపుతూ. ఆమె అబద్ధమాడటం నేను అప్పుడే చూశాను. హైదరాబాదులో సారు దగ్గరున్న కాగితాల్లో ఆ సమయానికి ఆమె తప్పకుండా ఓటు వేసే మనిషి, ఎవరికి వేస్తుందో కూడా ఖాయం.

పొద్దు వాలుతుండగా వీధిలో సందడి తగ్గిపోయింది. బడి గేటు వేసేశారని ఎవరో అనుకుంటూ పోయారు. ఆమె మెడ తిప్పి నన్ను చూసింది.

“అయిపాయెనా?”

“అయిపోయింది అవ్వా” అన్నాను.